ఒంటి మీది గడ్డలు – ఆపరేషన్‌కు ముందు సూది పరీక్ష



బెంగుళూరుకు దక్షిణాన, హోసూరు రోడ్డు మీద బొమ్మనహళ్ళి అని ఒక పేట ఉంది. ఆ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె, బాగేపల్లి, కోలారు వైపుల నుంచి బ్రతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు అక్కడి బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని, ఇస్త్రీపని చేసుకుంటూ కాపురాలుంటున్నారు. ఒకప్పుడు పల్లెగా ఉన్న ఆ ఊరు 2007లో బెంగుళూరు మహానగర పాలికెలో కలిసింది. నేను వైద్యం చేసేది ఆ పేటలోనే. నా దగ్గరికి వచ్చేవారిలో సగంమంది మీ ఊళ్ళవాళ్ళే. అందుకే ఈరోజు చెప్పబోయే విషయం మీకు నేరుగా చెప్పాలనిపించింది.

ఒకాయన సంగతితో మొదలుపెడతాను. పేరు అవసరం లేదు. వయసు నలభై లోపు. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని. రోజుకు ఎనిమిది గంటలు నిలబడి చేయవలసిన ఉద్యోగం. ఆయనకు కుడి తొడ వెనకవైపు, లోతుగా ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఏడాది పాటు పట్టించుకోలేదు. పండక్కి సొంత ఊరు వెళ్ళినప్పుడు, దగ్గరి పట్నంలో ఒక చిన్న ఆసుపత్రిలో చూపించుకున్నారు. "కొవ్వు గడ్డ, అరగంట పని" అని చెప్పి అక్కడే మత్తు సూది వేసి తీసేశారు. తీసిన గడ్డను పరీక్షకు పంపలేదు. అయిదు నెలలు తిరిగేసరికి అదే మచ్చ కింద గడ్డ మళ్ళీ లేచింది. నా దగ్గరికి వచ్చి ఆయన అడిగిన ప్రశ్న ఇది: "కొవ్వన్నారు కదా సార్, కొవ్వు ఇంత తొందరగా మళ్ళీ వస్తుందా?"

ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందుగా ఈ గడ్డలు ఏమిటో తెలుసుకోవాలి.

మన ఒంట్లో చర్మానికి, ఎముకకు మధ్య కొవ్వు, కండ, నరాలు, రక్తనాళాలు, వీటన్నిటినీ పట్టి ఉంచే పొరలు ఉన్నాయి. వీటిని కలిపి మెత్తని కణజాలం అంటాం. వీటిలో పుట్టే కంతుల్లో ఎక్కువ భాగం మంచివే. మంచివి వంద ఉంటే చెడ్డది ఒకటి ఉంటుందని వైద్యుల అంచనా. ఆ చెడ్డదాన్ని సార్కోమా అంటారు. పెద్దవాళ్ళకు వచ్చే క్యాన్సర్లన్నిటిలో ఇది నూటికి ఒకటి మాత్రమే. అంత అరుదైనది కావడమే చిక్కు. మామూలు వైద్యుడు తన జీవితంలో వందల కొవ్వు గడ్డలు చూస్తాడు, సార్కోమాలు ఒకటో రెండో చూస్తాడు. కాబట్టి ఏ గడ్డ చూసినా కొవ్వే అనిపించడం సహజం. పైగా మెత్తని కణజాలపు కంతుల్లో వందకు పైగా రకాలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వేసిన పట్టిక చూస్తే తెలుస్తుంది. వాటిలో కొన్ని మంచివి చెడ్డవాటిలా, కొన్ని చెడ్డవి మంచివాటిలా కనిపిస్తాయి. చేత్తో తడిమి చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే.

అలాగని ఒంటి మీద బుడిపె కనిపించిన ప్రతివారూ భయపడనక్కరలేదు. చర్మం కిందే, పైపైన, మెత్తగా, వేలితో నెడితే అటూ ఇటూ జారుతూ, ఏళ్ళ తరబడి పెరగకుండా ఉన్న చిన్న గడ్డకు సాధారణంగా సూది పరీక్ష కూడా అక్కరలేదు. వైద్యుడికి ఒకసారి చూపించుకుంటే చాలు. అనుమానించవలసిన లక్షణాలు నాలుగు. ఒకటి, గడ్డ నిమ్మకాయ కన్నా పెద్దది కావడం, అంటే సుమారు 5 సెంటీమీటర్లు దాటడం. రెండు, కండ లోపల, లోతుగా ఉండటం. మూడు, వారాల్లో, నెలల్లో పెరుగుతూ ఉండటం. నాలుగు, ఒకసారి తీసేసిన చోటే మళ్ళీ రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కత్తి పెట్టకముందే అదేమిటో తేల్చుకోవాలి. నొప్పి లేదు కదా అన్న ధీమా పనికిరాదు. సార్కోమాలు చాలావరకు మొదట్లో నొప్పి పెట్టవు. మనం ఇప్పుడు చెప్పుకున్న ఆయన గడ్డకు ఈ నాలుగు లక్షణాలూ ఉన్నాయి.

తేల్చుకునే మార్గం సూది పరీక్ష. ఈ మాట చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డుపడతారు. "గడ్డను కెలికితే క్యాన్సరవుతుంది, సూది గుచ్చితే ఒళ్ళంతా పాకుతుంది" అంటారు. ఈ భయం ఎలా పుట్టిందో ఊహించవచ్చు. గడ్డ బాగా ముదిరాక ఆసుపత్రికి వెళ్ళేవారు, అక్కడ సూది వేసేవారు, కొద్దిరోజులకు మనిషి పోయేవాడు. నింద సూది మీద పడేది. నిజానికి మంచి గడ్డ సూది వల్ల చెడ్డదిగా మారదు. చెడ్డ గడ్డలోంచి సూది దారి వెంట కణాలు అంటుకోవడం ఉన్నమాటే కానీ, అది చాలా అరుదు. ఆ కొద్దిపాటి ప్రమాదాన్ని కూడా తొలగించడానికి, ఆపరేషన్ చేయబోయే సర్జను కోత ఎక్కడ పెడతాడో ముందే ఆలోచించి, ఆ గీత మీదనే సూది వేయిస్తాడు. తరువాత గడ్డతోపాటు సూది దారిని కూడా కోసి తీసేస్తాడు. అసలు ప్రమాదం ఏదో తెలియకుండా గడ్డను కోయడంలోనే ఉంది. అప్పుడు కణాలు కోత పెట్టిన మేరకంతా అంటుకుంటాయి. అలా తెలియక తీసిన సార్కోమాలను మళ్ళీ కోసి చూసినప్పుడు, చాలా ఆసుపత్రుల లెక్కల్లో మూడో వంతు నుంచి సగానికి పైగా రోగుల్లో గడ్డ ఇంకా మిగిలే ఉంది.

ఇక సూది పరీక్షల్లో రెండు రకాలున్నాయి. ఈ తేడా మీరు తప్పక గుర్తుంచుకోవాలి.

మొదటిది సన్నసూది పరీక్ష. ఆసుపత్రుల్లో ఎఫ్.ఎన్.ఏ.సి. అంటారు. ఇంజెక్షన్ సూదిలాంటి సన్నని సూదితో గడ్డలోని కణాలను పీల్చి, గాజు పలక మీద పూసి, రంగు వేసి చూస్తారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ ఆసుపత్రిలో మార్టిన్, ఎల్లిస్ అనే వైద్యులు 1930లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఖర్చు తక్కువ, ఫలితం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. మెడ గడ్డలకు, థైరాయిడ్ గడ్డలకు ఇది చాలా చక్కని పరీక్ష.

రెండోది ముక్కసూది పరీక్ష. దీన్ని కోర్ బయాప్సీ అనీ, ట్రూకట్ అనీ అంటారు. సూది మందం సుమారు 2 మిల్లీమీటర్లు. గడ్డ మీద చర్మానికి మత్తు ఇచ్చి, చిన్న గాటు పెట్టి, స్ప్రింగు ఉన్న సూదిని లోపలికి పంపుతారు. టక్కుమని చప్పుడవుతుంది. అగరువత్తి పుల్లంత సన్నని కండ ముక్క సూదిలోకి వస్తుంది. ఒకే గాటులోంచి సూదిని దిశ మార్చి నాలుగైదు ముక్కలు తీస్తారు. కుట్లు అవసరం ఉండదు, సాధారణంగా ఆ పూటే ఇంటికి పోవచ్చు.

ఈ రెంటికీ తేడా ఏమిటంటే, మొదటి పరీక్షలో విడివిడి కణాలు వస్తాయి, రెండో పరీక్షలో కణాల అమరిక కూడా వస్తుంది. నాలుగు ఇటుకలు తెచ్చి చూపిస్తే అవి ఇంటివో, ప్రహరీగోడవో చెప్పలేం. గోడలో ఒక ముక్కను ఉన్నదున్నట్టు తెచ్చి చూపిస్తే కట్టడం ఎలాంటిదో చెప్పవచ్చు. మెత్తని కణజాలపు కంతుల్లో ఆ కట్టుబడే ముఖ్యం. అందువల్లనే ఈ గడ్డల విషయంలో ప్రపంచమంతటా ముక్కసూది పరీక్షకే మొదటి స్థానం ఇస్తున్నారు. ముక్క ఉంటే దాన్ని సన్నని పొరలుగా కోసి, కణం ఏ జాతిదో చెప్పే ప్రత్యేకమైన రంగుల పరీక్షలు, అవసరమైతే జన్యు పరీక్షలు కూడా చేయవచ్చు. అందుకే ఫలితం రావడానికి వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆలస్యమైందని విసుక్కోకండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు?

గడ్డ మంచిదా, చెడ్డదా అన్న ఒక్క ప్రశ్న తీసుకుంటే, చక్కగా చేసిన ముక్కసూది పరీక్ష చెప్పిన జవాబు, ఆపరేషన్ తరువాత గడ్డ మొత్తాన్ని పరీక్షించి చెప్పిన జవాబుతో నూటికి 95 సార్లు, ఆ పైన, సరిపోతుంది. అది ఏ రకం సార్కోమా, ఎంత వేగంగా పెరిగేది అన్న ప్రశ్నలకైతే నూటికి 80 నుంచి 90 సార్లు సరిపోతుంది. సన్నసూది పరీక్ష అనుభవజ్ఞుల చేతుల్లో మంచి చెడ్డలను నూటికి 90 సార్ల వరకు సరిగా చెబుతుంది గానీ, రకం చెప్పడంలో బాగా వెనకబడుతుంది.

మరి మిగిలిన ఆ నాలుగైదు, ఆ పది పదిహేను ఎందుకు తప్పుతున్నాయి? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఎసట్లోని మెతుకులన్నీ ఒకే రకం కనుక ఆ మాట చెల్లుతుంది. గడ్డ అలా కాదు. అది మార్కెట్ యార్డుకు వచ్చిన వేరుశనగ బస్తా లాంటిది. వ్యాపారి బోలు కడ్డీ గుచ్చి గింజలు లాగి చూస్తాడు. గుచ్చిన చోట మంచి గింజలు, అడుగున బూజు పట్టినవి ఉండవచ్చు. అందుకే తెలివైన వ్యాపారి మూడు నాలుగు చోట్ల గుచ్చుతాడు. పెద్ద సార్కోమా నడుమ భాగం చచ్చుబడి ఉంటుంది. సూది అక్కడే పడితే ఏమీ తెలియదు. ఒక మూల నెమ్మదిగా పెరిగే భాగం, మరో మూల వేగంగా పెరిగే భాగం ఉంటే, సూది నెమ్మది భాగంలో పడి వ్యాధి తీవ్రతను తక్కువగా చూపవచ్చు. ముందుగా ఎం.ఆర్.ఐ. తీసి, అల్ట్రాసౌండులోనో, సి.టి. స్కానులోనో చూస్తూ సరైన భాగంలోకి సూది పంపితే ఈ పొరపాటు బాగా తగ్గుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. రిపోర్టులో "నమూనా చాలలేదు" అనో, "రక్తం మాత్రమే వచ్చింది" అనో రాసి ఉంటే, దాని అర్థం క్యాన్సర్ లేదని కాదు. పరీక్ష జరగనట్టే లెక్క. మళ్ళీ చేయించుకోవాలి. అలాగే పెరుగుతున్న పెద్ద గడ్డకు "కొవ్వు కణాలు" అని సన్నసూది రిపోర్టు వస్తే సంతోషపడి వదిలేయకండి. సూది గడ్డ పక్కనున్న కొవ్వులోకి పోయి ఉండవచ్చు. కొవ్వులోంచే పుట్టే సార్కోమా కూడా ఒకటుంది. దాని కణాలు చూడటానికి మామూలు కొవ్వు లాగానే ఉంటాయి.

పొరపాటు రెండో వైపు కూడా జరుగుతుంది. దీనికి మరో సంగతి చెబుతాను. కుట్టుపని చేసే ఒక అమ్మాయి, పాతికేళ్ళలోపు. ముంజేతి మీద మూడు వారాల్లో ఒక గడ్డ ఉసిరికాయంత అయింది. ఒకచోట సన్నసూది పరీక్ష చేసి "సార్కోమా అనుమానం" అని రాశారు. ఆ కాగితం పట్టుకుని తల్లీ కూతుళ్ళు ఏడుస్తూ వచ్చారు. చేయి పోతే కుట్టుమిషను ముందు కూర్చోలేదు, పెళ్ళి కావలసిన పిల్ల. పెద్దాసుపత్రికి పంపితే ముక్కసూది పరీక్ష చేశారు. నాడ్యులర్ ఫేసియైటిస్ అని తేలింది. పేరు పెద్దదే గానీ మంచి గడ్డ. పడుచువారికి, ముంజేతికి ఎక్కువగా వస్తుంది, వారాల్లో పెరుగుతుంది, కణాలు చురుగ్గా ఉండి చూసేవారిని భయపెడతాయి. చాలామందిలో దానంతటదే కరిగిపోతుంది. ఆ అమ్మాయికీ మూడు నెలల్లో కరిగిపోయింది. కత్తి పడలేదు.

ఈ ఇద్దరి సంగతిలో మనకు తెలిసేదేమిటంటే, సూది ఎంత ముఖ్యమో, సూదిలో వచ్చిన ముక్కను చూసే కళ్ళు కూడా అంతే ముఖ్యం. ఫ్రాన్స్, ఇటలీ దేశాల్లో మూడు ప్రాంతాల సార్కోమా రోగుల గాజు పలకలను నిపుణులు రెండోసారి చూసినప్పుడు, నూటికి 40కి పైగా కేసుల్లో మొదటి నిర్ధారణలో చిన్నదో పెద్దదో మార్పు చేయవలసి వచ్చిందని 2012లో ప్రకటించారు. అమెరికాలో మాన్‌కిన్ అనే ఎముకల వైద్యుడు 1982లో 329 మంది రోగుల వివరాలు సేకరించాడు. సూదితోనో, కోతతోనో చేసిన బయాప్సీలో జరిగిన పొరపాట్ల వల్ల వారిలో 15 మందికి, అక్కరలేకుండానే కాలో చెయ్యో తీసేయవలసి వచ్చింది. 1996లో మళ్ళీ 597 మందిని పరిశీలిస్తే అలాంటివారు 18 మంది తేలారు. ఆ పొరపాట్లు చికిత్స చేయబోయే పెద్ద కేంద్రంలో కన్నా, బయట చేసిన బయాప్సీల్లో ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగాయి. ఎవరు ఆపరేషన్ చేస్తారో వారి ఆధ్వర్యంలోనే సూది పరీక్ష జరగాలనే నియమం అలా స్థిరపడింది.

ముందే తెలిస్తే లాభమేమిటని అడగవచ్చు. లాభం కాలు, చెయ్యి. ఒకప్పుడు సార్కోమా అంటే కాలు తీసేయడమే వైద్యం. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 43 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి కాలో చెయ్యో తీసేశారు. రెండో వర్గానికి గడ్డను చుట్టూ ఉన్న మంచి కండతో సహా తీసి, రేడియేషన్ ఇచ్చారు. రెండు వర్గాలవారూ బ్రతకడంలో తేడా కనిపించలేదని 1982లో ప్రకటించారు. ఈరోజు ఎక్కువమందికి కాలు నిలుస్తోందంటే అక్కడి నుంచే. కానీ చుట్టూ ఎంత కండ తీయాలి, రేడియేషన్ ముందా వెనకా అన్నది ఆపరేషన్ బల్ల మీద తేల్చుకునే సంగతి కాదు. ముందే తెలియాలి. తెలిపేది ఆ చిన్న సూదే.

మొదట చెప్పిన ఆయన సంగతి ముగిస్తాను. ఆయనకు రెండోసారి లేచిన గడ్డలో ముక్కసూది పరీక్ష చేస్తే సార్కోమా అని వచ్చింది. కాలు నిలిచింది. అయితే పాత కోత ఎంతమేర తగిలిందో అంతమేరా తీయవలసి రావడంతో తొడ వెనక కండలో పెద్ద భాగం పోయింది. తరువాత ముప్పయి రోజులకు పైగా రేడియేషన్. ఇప్పుడు నడుస్తారు గానీ ఎనిమిది గంటలు నిలబడలేరు. ఇస్త్రీ పని మానేసి, తక్కువ జీతానికి గుండీలు లెక్కపెట్టే పనిలో కూర్చుంటున్నారు. మొదటి కోతకు ముందు అరగంట సూది పరీక్ష జరిగి ఉంటే ఆ కండలో ఎక్కువ భాగం మిగిలేది.

కాబట్టి శ్రోతలారా, పెద్ద గడ్డకో, లోతు గడ్డకో ఆపరేషన్ అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. వైద్యుణ్ణి ప్రశ్నించడం అమర్యాద ఏమీ కాదు. మొదటిది: "సార్, కోసేముందు ముక్కసూది పరీక్ష చేయిస్తారా?" రెండోది: "రిపోర్టు, స్కాను, మీరు చేత్తో చూసింది – మూడూ ఒకే మాట చెబుతున్నాయా?" మూడూ కలవకపోతే పరీక్ష మళ్ళీ చేయాలి, లేదా చిన్న కోత పెట్టి ముక్క తీయాలి. మూడోది: "తీసిన గడ్డను పరీక్షకు పంపుతారా?" ఎంత చిన్న గడ్డయినా తీసిన తరువాత చెత్తబుట్టలో పారేయడానికి వీల్లేదు.

పరీక్షకు వెళ్ళేముందు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వైద్యుడికి చెప్పండి. మీ అంతట మీరు ఆ మాత్రలు ఆపకండి. వేరే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుపోతే చాలదు. గాజు పలకలు, మీ కండ ముక్కను పొదిగి ఉంచిన మైనపు దిమ్మ కూడా అడిగి తీసుకోండి. దాన్ని బ్లాక్ అంటారు. అది ఉంటే చాలాసార్లు మళ్ళీ సూది పొడిపించుకోకుండానే నిపుణుడు తిరిగి చూడగలడు.

ఎక్కడికి వెళ్ళాలంటే, మీకు దూరం లేదు. బొమ్మనహళ్ళి నుంచి అదే హోసూరు రోడ్డు మీద సిల్క్ బోర్డు, మడివాళ దాటి ముందుకు పోతే కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి వస్తుంది. 1973లో మొదలైన ప్రభుత్వ సంస్థ అది. తిరుపతిలో స్విమ్స్, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే అది ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు చెల్లుతుందో ముందే కనుక్కుని బయలుదేరండి.

ఇంట్లో ఎవరి ఒంటి మీదైనా నిమ్మకాయను మించిన గడ్డ ఉంటే ఈరోజే అడిగి చూడండి. అది మంచిదే అయి ఉండవచ్చు. ఆ సంగతి కత్తికి ముందు సూది చేత చెప్పించండి.